అయిదు వేలు తగ్గించిన ఘనత

సరుకు బండిని మంచి రేటుకు కొనడమంటే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో స్థిరపడిన నిర్వచనం ఒకటుంది. షోరూమ్‌లో మొదట చెప్పిన అంకెలోంచి చివర ఒప్పుకున్న అంకె తీసేస్తే మిగిలేదే బేరం. ఆ మిగులు అయిదు వేలయితే కొన్నవాడు తెలివైనవాడు, పది వేలయితే వీధికే పెద్దమనిషి. మొత్తం మీద బండికి ఎంత కట్టాడన్నది ఈ నిర్వచనంలోకి రాదు. అది తేలడానికి నాలుగేళ్లు పడుతుంది. గొప్ప చెప్పుకోవాల్సింది ఆ సాయంత్రమే.

బండి కొనడానికి ఇక్కడ కారణాలు బలమైనవే. వానను నమ్ముకోలేని నేల. మిర్చి, కంది, పత్తి పండిన ఏడాది బాడుగలుంటాయి. పండని ఏడాది ఫ్లోరైడ్ ఊళ్లకు నీళ్ల క్యాన్లు తోలుకోవచ్చు. పలకల రాయి ఎటూ ఉంది. హైదరాబాదుకో బెంగళూరుకో వలస పోయేకంటే సొంత బండి నయమనుకునే కుర్రవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. 2005లో టాటా ఏస్ రెండుంపావు లక్షల ధరతో వచ్చాక ఆ ఆశ సామాన్యుడికి అందింది. తర్వాత అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా జీతో, టాటా ఇంట్రా వరుస కట్టాయి. బండ్లు ఎన్ని మారినా బేరమాడే పద్ధతి మాత్రం మారలేదు.

పద్ధతిలో మొదటిది కాలనిర్ణయం. ఆషాఢంలో, మూఢంలో, శూన్యమాసంలో బండి కొనకూడదు. షోరూమ్‌లో ఈగలు తోలుకునే రోజులవి. నాలుగు రూపాయలు తగ్గించైనా అమ్మాలని మేనేజరు చూస్తుంటాడు. డిసెంబరులో తయారీ సంవత్సరం మారకముందే ఉన్న స్టాకు వదిలించుకోవాలన్న తొందర, మార్చి నెలాఖరులో టార్గెట్ల గుబులు. ఈ రోజులన్నీ పోనిచ్చి, విజయదశమి ఉదయం ముప్ఫై మంది వరుసలో ఉండగా వెళ్లి బేరం మొదలుపెట్టాలి. గిరాకీ అన్నిటికంటే ఎక్కువున్న రోజున ధర అన్ని రోజులకంటే తక్కువుండాలని పట్టుబట్టడం ఈ విద్యలో మూలసూత్రం.

రెండోది బలగం. కొనేవాడు ఒంటరిగా పోడు. మేనమామ, బావమరిది, ఒక మెకానిక్, షోరూమ్‌లో పలుకుబడి ఉన్న ఒక ‘తెలిసినాయన’ వెంట ఉండాలి. మార్కాపురం వాళ్లు ఒంగోలులో తక్కువంటారు. గిద్దలూరు వాళ్లు నల్లమల ఘాటు దాటి నంద్యాలలో తక్కువంటారు. అద్దె కారు, దారిలో బిర్యానీలు బండి లెక్కలో రాయరు. తెలిసినాయన మేనేజరు చెవిలో ఏదో ఊదుతాడు, మేనేజరు క్యాలిక్యులేటర్ నొక్కుతాడు, ఇద్దరూ నిట్టూరుస్తారు, మూడు వేలు తగ్గుతాయి. తెలిసినాయన కమీషన్ ఏ కొటేషన్‌లోనూ కనపడదు.

మూడోది ఉచితాలు. సీటు కవర్లు, మ్యాట్లు, టార్పాలిన్, డాష్‌బోర్డు మీదికి దేవుడి బొమ్మ కోసం గంటసేపు పోరాటం నడుస్తుంది. అదే కాగితం మీద ‘హ్యాండ్లింగ్’ అని ఇంకో అయిదారు వేలు రాసి ఉంటే ఎవరూ చూడరు. చట్టంలో ఆ పేరుతో రుసుమేదీ లేదు. గెలిచిన టార్పాలిన్ చంకన పెట్టుకుని, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పట్టుకుని ఫొటో దిగుతారు. లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించడంతో విజయయాత్ర ముగుస్తుంది.

నాలుగోది అప్పు. అసలు ధర తేలేది ఇక్కడే, ఎవరూ బేరమాడనిదీ ఇక్కడే. ఫైనాన్స్ కుర్రాడు 9 శాతం అంటాడు. నూటికి నెలకు ముప్పావలా. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అలవాటు పడ్డ చెవికి అది ధర్మవడ్డీలా వినిపిస్తుంది. కానీ అది ఫ్లాట్ వడ్డీ. అయిదు లక్షలు నాలుగేళ్లకు తీసుకుంటే వడ్డీ 1,80,000, నెలకు 14,167 చొప్పున 48 కంతులు. ప్రతి కంతుకూ అసలు తరుగుతున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా అయిదు లక్షల మీదే పడుతుంది. తరిగే బాకీ మీద లెక్కవేస్తే ఆ 9 శాతం దాదాపు 16 శాతం. ముప్పావలా అనుకున్నది రూపాయింపావలా దాటింది. అదే అప్పు తరిగే బాకీ మీద 11 శాతానికి దొరికితే వడ్డీ సుమారు 1,20,000. తేడా 60 వేలు. మేనమామ, బావమరిది, తెలిసినాయన కలిసి తగ్గించింది అయిదు వేలు.

ఈ లెక్క దాచడానికి ఇప్పుడు వీల్లేదు. అన్ని ఛార్జీలు కలిపిన వార్షిక రేటును ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం మీద, తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. చాలా సంతకాలు ఆ కాగితం చదవకుండానే పడతాయి. ముహూర్తం దాటిపోతుంది మరి.

బీమాదీ ఇదే దారి. 7,500 కిలోల లోపు బాడుగ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం 16,049 రూపాయలు. ఏ కంపెనీలోనైనా అంతే. తేడా వచ్చేది సొంత నష్టం భాగంలో. దాన్ని బయట ఎక్కడైనా తీసుకునే హక్కు కొనేవాడిది. షోరూమ్ పాలసీ తీసుకుంటేనే డిస్కౌంటు అంటే, ఆ డిస్కౌంటు ఎవరి జేబులోంచి వచ్చిందో విడిగా చెప్పక్కర్లేదు.

అయిదోది బరువు. తక్కువ ధరకు చిన్న బండి కొని పెద్ద బండి పని చేయించడం మరో రకం పొదుపు. ఏస్ మోసేది 750 కిలోలు. పలకల రాయి ఘనమీటరు రెండున్నర టన్నుల పైమాటే. అంటే ఘనమీటరులో మూడో వంతు కూడా ఎక్కించరాదు. అందుకే బండి ఇంటికి రాగానే అదనపు కమాన్ పట్టీలు వేయిస్తారు. 2019 సవరణ తర్వాత మోటారు వాహన చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఆ పైన అదనపు టన్నుకు 2 వేలు. ఒక్కసారి పట్టుబడితే బేరంలో గెలిచింది నాలుగింతలు తిరిగి కట్టినట్టే.

ఈ మధ్య బండ్ల ధరలో వచ్చిన పెద్ద తగ్గింపును ఏ బేరగాడూ సాధించలేదు. 2025 సెప్టెంబరు 22న సరుకు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుతో 8 లక్షలున్న బండి ఆ లెక్కన 62,500 తగ్గాలి. దానికి మేనమామ అక్కర్లేదు, పేపరు చదివితే చాలు.

ఇక రాష్ట్రం చూసిన అతి చౌక బేరం ఇంటింటికీ రేషన్ తెచ్చిన బండ్లది. 2021 జనవరి 21న విజయవాడలో 9,260 బండ్లకు ప్రభుత్వం జెండా ఊపింది. ఖర్చు 539 కోట్లు. అందులో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. తోలేవాళ్లకు ధరలో 60 శాతం రాయితీ. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ చౌక దుకాణాలకు వెళ్లింది, ఆ బండ్లకు ఆ పని పోయింది. బాడుగ లేని బండికి ఏ రేటూ మంచి రేటు కాదని ఇంతకంటే పెద్ద ఎత్తున రుజువు చేయడం కష్టం.

నెలకు 14,167 కంతు అంటే రోజుకు 472 రూపాయలు, డీజిలు పోయకముందే. స్టాండులో ఎన్ని బండ్లున్నాయి, రోజుకు ఎన్ని బాడుగలు పడుతున్నాయి, చివరి కంతు దాకా చేతి నుంచి పోయేది మొత్తం ఎంత? ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని, అదే కాగితంతో రెండు షోరూమ్‌లు, రెండు బ్యాంకులు తిరిగినవాడే బేరమాడినవాడు. మిగతావాళ్లు టార్పాలిన్ గెలిచినవాళ్లు.