మంగంపేట మిల్లులో సొంత పేర్ల చెట్టు

పెర్ఫార్మెన్స్ కో-పైలట్ అనే సాఫ్ట్‌వేర్ పని, కంప్యూటర్లు ఎంత పని చేస్తున్నాయో, ఎంత ఆయాసపడుతున్నాయో లెక్క చెప్పడం. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ 1990లలో తయారుచేసి, 2000లో ఓపెన్ సోర్స్‌గా వదిలిపెట్టింది. ఇందులో ప్రతి కొలతకూ మనుషుల కోసం ఒక పేరు, యంత్రం కోసం మూడు భాగాల నంబరు ఉంటాయి. లినక్స్‌లో సగటు లోడు పేరు 'కెర్నెల్.ఆల్.లోడ్', నంబరు 60.2.0. మొదటి భాగం ఆ కొలతను తెచ్చే ఏజెంటుది, దాన్నే డొమైను అంటారు. పేర్లన్నీ కొమ్మలూ రెమ్మలుగా ఉన్న చెట్టే నేమ్‌స్పేస్.

మామూలుగా అప్లికేషను ఈ చెట్టును వెంట మోసుకు తిరగదు. అవతలి యంత్రంలో పీఎంసీడీ అనే సర్వర్ ఉంటుంది, దాన్ని అడుగుతుంది. అయినా సొంత చెట్టు కావాలనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మంగంపేట ముగ్గురాళ్ల గనుల దగ్గర ఒక పల్వరైజింగ్ మిల్లు ఉందనుకుందాం. అక్కడి పొడి ఎక్కువగా చమురు బావుల డ్రిల్లింగులో బురదకు బరువు పెంచడానికి పోతుంది. అందుకే బేరమంతా సాంద్రత చుట్టూ తిరుగుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పాత పట్టు 4.20, 2010లో 4.10కి కూడా ఒప్పుకుంది. మిల్లు ఓనరుకు 'కెర్నెల్' ఎవరో తెలియదు, తెలుసుకోవలసిన అగత్యమూ లేదు. ఆయనకు తెర మీద 'మిల్లు.సాంద్రత' కనబడితే చాలు.

దానికో టెక్స్ట్ ఫైలు రాయాలి. 'రూట్' కింద 'మిల్లు', 'మిల్లు' కింద 'సాంద్రత', దాని పక్కన నంబరు. పేర్లు మాత్రం, ఇక్కడ తెలుగులో రాసినా, ఫైల్లో ఇంగ్లీషు అక్షరంతోనే మొదలవ్వాలి. తర్వాత అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ చెల్లవు. 'ఎ గ్రేడు' అని మధ్యలో ఖాళీ వదిలితే ఫైలు చదవడంలో తప్పుందని తెర మీదే చెప్పేస్తుంది. ఫైలు సిద్ధమయ్యాక 'పీఎంలోడ్‌నేమ్‌స్పేస్' ఫంక్షనుకు దాని పేరిస్తే సరి. 'పీఎంఇన్ఫో' లాంటి కమాండుకైతే మైనస్ ఎన్ అని రాసి ఇవ్వాలి. ఒకటి లోడైవుండగా రెండోది ఎక్కించబోతే ఒప్పుకోదు, ముందుది దించాలి.

లోడవగానే పేర్ల జాబితాలో 'మిల్లు.సాంద్రత' దర్జాగా కనబడుతుంది. విలువ అడిగితే మాత్రం, ఆ డొమైనుకు ఏజెంటు లేడని జవాబు. "పేరుండాది సరే, అంకె యాడబ్బీ?" అని ఓనరు కంప్యూటరు పిల్లవాణ్ని నిలదీయడం న్యాయమే. మస్టర్లో పేరెక్కినంత మాత్రాన కూలీ పనిలోకి వచ్చినట్టు కాదు. సాంద్రతను కొలిచే పరికరం నుంచి అంకె తెచ్చే ఏజెంటును ఎవరో ఒకరు రాసి, పీఎంసీడీకి అప్పగించాలి. పైగా సొంత చెట్టు వచ్చాక సర్వర్ చెట్టు పక్కకు తప్పుకుంటుంది. నిన్నటిదాకా కనబడిన 'కెర్నెల్.ఆల్.లోడ్'ను అడిగితే అలాంటి పేరే లేదంటుంది. అదీ కావాలంటే ఆ పేరునూ ఈ ఫైల్లోనే రాసుకోవాలి.

అసలు ప్రమాదం పిల్లవాడు తొందరపడి సాంద్రత పక్కన లోడు నంబరైన 60:2:0 వేసినప్పుడు. ఇప్పుడు ఏ తప్పూ చూపదు. ఏజెంటు ఉన్నాడు, అంకె తెస్తాడు. కంప్యూటరు ఆ పూట కాస్త బిజీగా ఉంటే 4.2 అని కూడా చూపగలదు, అంటే ఎగుమతికి పనికొచ్చే సరుకు! అయితే లోడుకు విలువలు మూడు: ఒక నిమిషానిది, అయిదు నిమిషాలది, పదిహేను నిమిషాలది. రాయికి నిమిషాల లెక్కన సాంద్రత మారుతోందని తెర చెబుతున్నా, అంకె అనుకూలంగా ఉన్నంతసేపు ఓనరు అడ్డుప్రశ్న వేయడు.

దీన్ని పట్టుకోవడానికి 'పీఎంఇన్ఫో'కు మైనస్ డి జోడిస్తే చాలు. కొలత రకం, యూనిట్లు ఏజెంటు నుంచే వస్తాయి, పేర్ల ఫైలుకు వాటిలో జోక్యం లేదు. మైనస్ ఎం ఇస్తే పేరు పక్కన నంబరు కనబడుతుంది. నంబరు దిద్ది మళ్లీ లోడ్ చేయాలి. ఈ తతంగమంతా ఆ ఒక్క అప్లికేషను వరకే. అది మూసేస్తే సొంత చెట్టూ పోతుంది, సర్వర్లో ఉన్న పేర్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు.