బండి మనదే, ఓనరే వేరు

శ్రీనగర్ కాలనీలో రాష్ట్ర చరిత్ర చదవాలంటే లైబ్రరీకి వెళ్ళనక్కర్లేదు. సత్యసాయి నిగమాగమంలో చీరల ఎగ్జిబిషన్ పెట్టిన సాయంత్రం, చుట్టుపక్కల సందుల్లో అడ్డదిడ్డంగా ఆపిన కార్ల నంబరు ప్లేట్లు చదువుకుంటూ నడిస్తే చాలు. ఏపీ 09 అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఖైరతాబాద్‌లో పుట్టిన బండి. టీఎస్ 09 అంటే 2014 జూన్ తర్వాతది. టీజీ 09 అయితే 2024 మార్చి తర్వాతది. ముగ్గురిదీ ఒకటే పురిటిల్లు. ఏపీ 09 అచ్చమైన లోకల్. అవే రెండక్షరాలు తగిలించుకుని 2019 తర్వాత విజయవాడలో పుట్టిన ఏపీ 39 మాత్రం పొరుగు రాష్ట్రం మనిషి, ఇక్కడ కాపురం పెడితే పన్ను కట్టాలి. వీళ్ళ మధ్యన బెంగళూరు నుంచి ఉద్యోగాలతో పాటు వచ్చిన కేఏలు, షూటింగులకని వచ్చి ఉండిపోయిన టీఎన్‌లు, చవగ్గా దొరికాయని తెచ్చుకున్న డీఎల్‌లు.

ఈ డీఎల్‌ల కథ ఇంకొంచెం చెప్పుకోవాలి. పదేళ్ళు దాటిన డీజిల్ బండి ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అవునంది. అంతే, అక్కడ తొమ్మిదో ఏడు నడుస్తున్న ప్రతి పెద్ద బండికీ దక్షిణాది మీద ప్రేమ పుట్టింది. ఢిల్లీ ఊపిరితిత్తులకు పడని పొగ పంజాగుట్ట ఊపిరితిత్తులకు పడుతుందని ఎవరు పరీక్ష చేశారో గానీ, మన సెకండ్ హ్యాండ్ మార్కెట్ మాత్రం కళకళలాడింది.

బండిని రాష్ట్రం దాటించడం తేలికే. పెట్రోలు పోస్తే వస్తుంది. దాటలేనిది కాగితం. 1988 మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ఎంతో ఉదారంగా, ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుందంటుంది. ఆ మాట నమ్మి పేజీ తిప్పారా, 47వ సెక్షన్ కాచుకుని ఉంటుంది. పరాయి రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు వేయించుకోవాల్సిందే. దేశం ఒక్కటే, కాకపోతే ఏడాది పాటే.

మా పై ఫ్లాట్‌లో రిటైరైన లెక్చరరు మాస్టారు ఒక కేఏ బండి కొన్నారు. అమ్మినవాడు బెంగళూరులో ఉద్యోగం చేసిన తెలుగు కుర్రాడే, కెనడా వెళ్ళిపోయే హడావిడిలో ఉన్నాడు. ఒరిజినల్ ఆర్‌సీ చేతిలో పెట్టి, ఫారం 29, ఫారం 30ల మీద సంతకాలు గీకి, "మిగతాది మీరు చూసుకోండి అంకుల్" అని విమానమెక్కాడు. మాస్టారు చూసుకుందామనే అనుకున్నారు. ఆషాఢంలో ఎందుకన్నారు. తర్వాత శ్రావణం పెళ్ళిళ్ళు వచ్చాయి. ఈలోగా ఇంటికి రంగులు వేయించారు. రంగులు బాగానే కుదిరాయి. ఆర్‌సీ, సంతకాల ఫారాలు ఉన్న ఫైలు మాత్రం పాత పేపర్ల కట్టతో పాటు తూకానికి వెళ్ళిపోయింది.

ఇక్కడి నుంచి లెక్చరరు గారే విద్యార్థి అయిపోయారు. ఆర్‌సీ పోతే డూప్లికేట్ ఇస్తారు, దానికి ఫారం 26 ఉంది. ఇచ్చేది చివరిగా రిజిస్టర్ చేసిన ఆఫీసు, అంటే కర్ణాటకలో. అడగాల్సింది ఓనరు. రికార్డు ప్రకారం ఓనరు కెనడాలో మంచు ఎత్తిపోసుకుంటున్న కుర్రాడు. రూలు ఇంకో మాట కూడా అంటుంది. కాగితం ఎక్కడ పోయిందో అక్కడి పోలీసులకు ఓనరే రాసివ్వాలి. పోగొట్టుకున్నది మాస్టారు, పోయింది శ్రీనగర్ కాలనీలో. ఫిర్యాదు చేయాల్సిందేమో అది పోయినప్పుడు పన్నెండు వేల కిలోమీటర్ల అవతల నిద్రపోతున్నవాడు.

మాస్టారు స్టేషన్‌కు వెళ్ళారు. ఏ స్టేషనో చెప్పను, ఎక్కడైనా అదే సీను. "బండి ఎవరిది?" అని రైటరు అడిగాడు. "నాదే" అన్నారు. "పేరు మీది లేదు కదా?" "కొన్నాను బాబూ." "కొన్నట్టు కాగితం?" "అదే పోయిందని చెప్పడానికి వచ్చాను." రైటరు పెన్ను కింద పెట్టి, తన సర్వీసులో ఇంత చక్కని సమాధానం వినలేదన్నట్టు చూశాడు.

డిజిలాకర్ ఉంది కదా అని కాలనీ కుర్రకారు సలహా. నిజమే, ఫోన్‌లో చూపించే ఆర్‌సీ కూడా చెల్లుతుందని కేంద్రం 2018లోనే రూలు మార్చింది. మన దగ్గర ఆర్టీఏ ఎం-వ్యాలెట్ అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. రోడ్డు మీద ట్రాఫిక్ ఎస్సైకి అది ఆర్‌సీయే. కౌంటర్ ముందు పెడితే అది ఫోటో. పైగా అది తెరుచుకునేది ఓనరు ఫోన్‌లో. ఇక కంప్యూటరు కంప్యూటరు మాట్లాడుకుంటాయి కదా అంటారా, దేశంలో అన్ని రాష్ట్రాలూ వాహన్ అనే ఒక గొడుగు కింద చేరుతుంటే, తెలంగాణ చాలా ఏళ్ళు తన సొంత సాఫ్ట్‌వేర్‌తో విడి కాపురం చేసింది.

అలాగని సర్కారుకు మాస్టారి బండి తెలియదనుకుంటే పొరపాటు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర గీత దాటితే కెమెరాకు కేఏ నంబరు క్షణంలో తెలుస్తుంది. చలాను పోర్టల్‌లో నంబరు కొడితే ఫోటోతో సహా ప్రత్యక్షం. వసూలు చేసేటప్పుడు రాష్ట్రాల సరిహద్దులు మాయమవుతాయి, ఇచ్చేటప్పుడు మళ్ళీ మొలుస్తాయి. చలాన్లకైతే పండగ తగ్గింపులు కూడా ఉంటాయి. 2022లో కార్లకు సగానికి సగం, 2023 డిసెంబరులో ఏకంగా 60 శాతం. తప్పు చేసినవాడికి డిస్కౌంటు ఇచ్చే ఈ ఉదారత, తప్పు దిద్దుకుంటానన్నవాడికి ఒక్క ఫారమైనా తగ్గించదు.

కెనడా కుర్రాడు మాత్రం నిశ్చింతగా ఉన్నాడా? లేడు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వాళ్ళదే. ఆ సంగతి ఎవరో చెప్పారు, అప్పటినుంచి కుర్రాడు అర్ధరాత్రి ఫోన్ చేసి "అంకుల్, మెల్లగా నడుపుతున్నారు కదా" అంటున్నాడు. అమ్మినవాడు వదిలించుకుందామంటున్నాడు, కొన్నవాడు రాయించుకుందామంటున్నాడు, రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ పుచ్చుకుందామంటోంది. ముగ్గురిదీ ఒకటే మాట. ఒప్పుకోనిది తూకానికి వెళ్ళిన ఆ కార్డు ముక్కే.

న్యాయం చెప్పుకోవాలంటే, ఇంత పట్టుదలకు కారణం లేకపోలేదు. దొంగబండ్లు రాష్ట్రం దాటే కొత్త పేరు పెట్టుకుంటాయి. అందుకే బండిని పంపడానికి పాత ఆఫీసు ఇవ్వాల్సిన నిరభ్యంతర పత్రానికి, అదే ఎన్‌ఓసీకి ముందు ఇది ఎక్కడైనా చోరీ కేసులో ఉందా అని నేర రికార్డుల్లో వెతుకుతారు, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తెమ్మంటారు. ఉపగ్రహాలు పంపే దేశంలో ఆ పెన్సిల్ ముద్ర అంటే నాకు గౌరవం. కానీ బండి కొట్టేసేవాడు కాగితాలు లేకుండా రాడు. వాడి దగ్గర ఫైలు నిండుగా ఉంటుంది. చేతులూపుకుంటూ వచ్చేది మాస్టారి లాంటి అమాయకులే.

చట్టంలో దయ లేదని కూడా అనలేం. ఎన్‌ఓసీ అడిగాక ముప్ఫై రోజుల్లో ఔననో కాదనో చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు దరఖాస్తు ముట్టిన రసీదు, జవాబు రాలేదన్న డిక్లరేషన్ ఉంటే చాలని 50వ సెక్షన్ వంత పాడుతుంది. "ఇచ్చినట్టే లెక్క" అయిన కాగితాన్ని కౌంటర్‌లో పెట్టి చూడండి. పుచ్చుకున్నట్టే లెక్కేసుకుని లోపలివారు తర్వాతి టోకెన్ పిలుస్తారు.

ఇన్నీ దాటితే లైఫ్ ట్యాక్స్. బండి మొదటి రోజే కర్ణాటకలో జీవితానికి సరిపడా కట్టేసింది. ఇక్కడ వయసును బట్టి మళ్ళీ కట్టాలి. అక్కడ మిగిలిన జీవితం తాలూకు సొమ్ము వెనక్కి అడగవచ్చు. అడిగేది కూడా ఓనరే, ఒరిజినల్ కాగితాలతోనే.

చివరికి మాస్టారు ఏజెంటును పట్టుకున్నారు. చెట్టు కింద స్కూటీ సీటే అతని ఆఫీసు. కథంతా విని, "ఏం పరేషాన్ గాకుండ్రి సార్, నేనున్న గదా. పాత ఓనర్ సంతకాలు గావాలె, గంతే" అన్నాడు.

"ఆయన కెనడాలో ఉన్నాడయ్యా."

"కెనడాల ఏడ సార్? బ్రాంప్టన్‌లైతే ఇంకో ఏజెంటున్నడు, మా బామ్మర్దే."