పులికాట్ పక్షులకు మీరు కనబడాలంటే

చలికాలం మొదలవగానే సూళ్లూరుపేట పేరు పేపర్లకెక్కుతుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగాయనీ, నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టాయనీ ఫొటోలు వేస్తారు. వెంటనే జనం బైనాక్యులర్లు వెతుక్కుంటారు. అదే పొరపాటు. ఎక్కడెక్కడి నుంచో రెక్కలాడించుకుంటూ వచ్చిన పక్షిని మనం చూడటమేమిటి? అంత శ్రమపడి వచ్చింది గనక అదే మనల్ని చూసి పోవాలి. ఆ భాగ్యం దానికి దక్కాలంటే రోజంతా ఎలా గడపాలో చెబుతాను.

1. బయల్దేరే వేళ

తెల్లవారుజామున లేవకండి. పొద్దున్నే వెళితే వెలుగు మెత్తగా ఉండి ఈక ఈకా తెలిసిపోతుంది, ఊహకు చోటుండదు. ఇడ్లీ, వడ, పొంగల్ వరసగా కానిచ్చి, రెండో కాఫీ కూడా అయ్యాక పదకొండింటికి శ్రీహరికోట రోడ్డెక్కండి. అప్పటికి బురద కాగి, దాని మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంటుంది. ఆ సెగలో కొంగ, ఫ్లెమింగో, జాలరి పాతిన వలకర్ర ఒక్కలాగే వణుకుతాయి. మూడింటినీ ఫ్లెమింగోలే అనుకుంటే లెక్క ఘనంగా వస్తుంది.

2. చూసే దిక్కు

ఈ రోడ్డు పడమర నుంచి తూర్పుకు సరస్సు మధ్యలోంచి పోతుంది. నీళ్లు రెండు పక్కలా ఉంటాయి. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి, ఉత్తరం వైపు పక్షుల మీద ఎండ నేరుగా పడి రంగులన్నీ కనబడతాయి. మీరు పట్టుదలగా దక్షిణం వైపే చూడండి. ప్రతి పక్షీ నల్లగానే ఉంటుంది, గుర్తుపట్టే బెడద తప్పుతుంది.

3. ఫ్లెమింగోను ఎగరగొట్టడం

ఫ్లెమింగో మెడ వంచి ముక్కును తలకిందులుగా నీళ్లలో పెడుతుంది. నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తూ, ముక్కు అంచుల్లోని జల్లెడతో సన్న రొయ్యల్నీ నాచునీ వడకట్టుకుంటుంది. గంటల తరబడి ఇదే పని. ఒంటి గులాబి రంగు ఈ మేత చలవే. అయితే అసలైన ఎరుపు ముడిచిన రెక్కలోనే ఉండిపోతుంది. ఎర్రటి రెక్క, దాని నల్లటి అంచు బయటపడాలంటే పక్షి ఎగరాలి. ఎగరాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. చప్పట్లు కొట్టండి. బురదలోకి దిగి పరుగెత్తండి. మోకాలి దాకా కూరుకుపోతే అక్కణ్ణుంచే కేకలెయ్యండి. గుంపు మేత మానేసి లేచి, అల్లంత దూరాన దిగుతుంది. ఈలోగా ఇంకో కారు వస్తుంది. పాపం, వాళ్లకీ ఆ వినోదం చూపించాలిగా, మళ్లీ మొదలుపెట్టండి. సాయంత్రానికి వాటి కడుపులు ఖాళీ. నాజూకైన పక్షులు ఫొటోలో బాగా పడతాయి.

4. డ్రోన్

రాకెట్లు లేచే చోటు పక్కన మీ డ్రోన్ కూడా లేస్తే తప్పేంటి? కాసేపటికి భద్రతా సిబ్బంది మీ దగ్గరికి వస్తారు. నలుగురి కంట్లో పడాలన్న మన ఆశయం పక్షుల ప్రమేయం లేకుండానే నెరవేరుతుంది.

5. జాలర్లు

ఫ్లెమింగో నిలబడి మేసే పక్షి, దానికి లోతు తక్కువ నీళ్లు కావాలి. వానలు బాగా పడిన ఏడు ఒక మూల, పడని ఏడు ఇంకో మూల చేరుతుంది. ఏ మూల ఎంత నీరుందో వల వేసే మనిషికి తెలుసు. కాబట్టి అతణ్ణి అడగకండి. అడగక తప్పకపోతే కారు దిగకుండా, అద్దం సగమే దించి, "ఏయ్, పక్షులెక్కడ?" అనండి. అతను ఎటో చెయ్యి ఊపుతాడు. అటే పోండి.

6. నేలపట్టు

ఇక్కడ చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు పిల్లల్ని పెంచుతాయి. దూరంనుంచి చూసుకోమని వాచ్ టవర్ కట్టారు. మెట్లెక్కితే ఆయాసం తప్ప ఏముంది? గూళ్ల దగ్గరికే వెళ్లి స్పీకర్ పెట్టండి. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు, ఆ తర్వాత కాకులకు దొరుకుతాయి, ప్రకృతి ధర్మం కళ్లారా చూడొచ్చు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లు ఈ పక్షుల్ని ఏళ్లుగా కాపాడుకుంటున్నారు. మెల్లగా మాట్లాడమంటారు కూడా. ఎరువు సంగతి తెలిసినవాళ్లకు రీల్స్ సంగతేం తెలుస్తుంది?

7. చిన్న పక్షులు

బురద అంచున గబగబా ఉరికే బుల్లి ఉల్లంకి పిట్టల జోలికి పోకండి. పిడికిట్లో పట్టేంత పిట్ట ఉత్తర ధ్రువం దరిదాపుల్లో పుట్టి ఇక్కడిదాకా ఎగిరొస్తుంది. పేరు తేల్చుకోవాలంటే కాళ్ల రంగు, ముక్కు పొడవు ఓపిగ్గా చూడాలి. "నాన్నా, అదేంటి?" అని పిల్లలు అడిగితే "పిచ్చుకమ్మా" అని కారు ముందుకు పోనివ్వండి.

8. ఒక హెచ్చరిక

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రమాదం ఒకటుంది. బండి రోడ్డు వారగా ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించి, నోరు మెదపకుండా కూర్చున్నారనుకోండి. కాసేపటికి పక్షులు మిమ్మల్ని మరిచిపోతాయి. మేసుకుంటూ మేసుకుంటూ దగ్గరికొచ్చేస్తాయి. బైనాక్యులర్ లేకుండానే కంటి రంగు కనబడుతుంది, ముక్కులోంచి నీళ్లు చిమ్మే చప్పుడు వినబడుతుంది. అలాంటి పరిస్థితి వస్తే కంగారుపడకండి. హారన్ స్టీరింగ్ మధ్యలోనే ఉంటుంది.