చోళుల సీల్డ్ కవర్

మన చరిత్రాభిమానులకు 'అలా జరిగి ఉంటే' అనే జబ్బు పట్టుకుంది. కలిదిండి పోరుతో వేంగి రాజు రాజరాజ నరేంద్రుడి పని అయిపోయి, సవతి సోదరుడు ఏడో విజయాదిత్యుడే వేంగిలో పాతుకుపోయి ఉంటే? నన్నయను భారతం రాయమని అడిగే రాజే ఉండడు. ఆదికవి పీట ఎవరికి వెయ్యాలో తేల్చడానికి మన పండితులు ఈపాటికి వంద సదస్సులు పెట్టి, వందసార్లు భోంచేసి ఉండేవారు.

అయ్యా, ఊహలతో అంత అవస్థ దేనికి? జరిగిన కథే చాలినంత విడ్డూరం. తండ్రి విమలాదిత్యుడి తర్వాత కుర్చీ ఒకటి, కొడుకులు ఇద్దరు. ఇద్దరి బలమూ పొరుగూళ్లోనే ఉంది. నరేంద్రుడి తల్లి కుందవ రాజరాజ చోళుడి కూతురు. మేనమామ రాజేంద్ర చోళుడు పిల్లనిచ్చిన మామ కూడా! విజయాదిత్యుడికి పడమటి చాళుక్య జయసింహుడి అండ. వేంగి రాజెవరో తేల్చే హైకమాండ్లు రెండూ వేంగి బయటే. పరిశీలకులు మాత్రం విమానాల్లో కాక, కత్తులతో దిగారు. 1022లో నరేంద్రుడికి పట్టం కట్టారు.

ఈ తగువులోనే కలిదిండి పోరు జరిగి, ముగ్గురు చోళ సేనానులు కూలారు. వారి పేర నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించి, ఆ సంగతి రాగిరేకుల మీద చెక్కించాడు. ఎవరి పొలంలో ఏనుగులు తొక్కాయో చెక్కడానికి రాగి చాల్లేదు కాబోలు.

ఇంతకీ గెలిచిందెవరు? 1061లో నరేంద్రుడు పోగానే వేంగి విజయాదిత్యుడికే దక్కింది. నరేంద్రుడి కొడుకు 1070లో ఏకంగా చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ఓడినవాడికి రాజ్యం, గెలిచినవాడి కొడుక్కి సామ్రాజ్యం! అందరూ లాభపడ్డ ఈ బేరంలో పెట్టుబడి మాత్రం ఊళ్లది.

ఇప్పుడు కలిదిండి చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. 2022లో ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఈసారి గెజిట్‌తో సరిపెట్టారు, ఏనుగులు రాలేదు. వెయ్యేళ్లలో ఆమాత్రం ప్రగతి సాధించినందుకు సంతోషించాలి.

అయినా ఊహించి తీరాలంటే ఇలా ఊహించండి: సవతి సోదరులిద్దరూ తగువు తమ లోగిలిలోనే తేల్చుకున్నారు, మామలను పిలవలేదు, కలిదిండి రైతు ఆ ఏటి పంట ఇంటికి చేర్చుకున్నాడు. కాకపోతే, అంత అతిశయోక్తి రాస్తే పాఠకులు నమ్మరు.