తాతగారి బుల్లెట్‌కి తప్పుడు సీటు బిగించే విధానం

ఏళ్ళ తరబడి పాకలో కోళ్ళు పడుకుంటున్న బుల్లెట్‌ని బయటికి లాగి, కడిగి, కిక్కు కొడితే అంటుకుందనుకోండి. ముందు చెయ్యవలసిన పని సీటు మార్చడం. ఇంజను సంగతి తరవాత. ఏలూరు నుంచి కైకలూరు దాకా కొల్లేటి మీదుగా వెళుతుంటే దారిన పోయేవాళ్ళు మీ పిస్టన్ని చూడరండి, సీటునే చూస్తారు. కాబట్టి అదెలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో చెబుతాను. రాసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, పాత సీటు ఎత్తి కింద చూడకండి. ఫ్రేముకి నోరు లేకపోయినా అన్నీ చెప్పేస్తుంది. పాతకాలపు సింగిల్ సీటు బండి అయితే ట్యాంకు వెనకాల, సీటు ముక్కు దగ్గర బోల్టు పట్టే లగ్గు ఒకటుంటుంది. వెనక చెరో పక్కా స్ప్రింగుల అడుగు కూర్చునే చోట్లుంటాయి. మనిషి కూర్చుంటే సీటు ముందు బోల్టు మీద తిరుగుతూ వెనక స్ప్రింగుల మీద దిగుతుంది. పిలియన్ సీటు విడిగా మడ్‌గార్డు మీద ఉంటుంది. డబుల్ సీటుకి ఈ తిరుగుడూ దిగుడూ ఏమీ లేవు, ముందొక పట్టు, వెనక బోల్టులు, అంతే. ఇదంతా కళ్ళబడిందా, మీ బండి ఏ సీటుతో పుట్టిందో తెలిసిపోతుంది. ఇక నచ్చిన సీటు కొనుక్కునే స్వేచ్ఛ పోయినట్టే. సి-బుక్కులో తయారీ సంవత్సరం, ఫ్రేము మెడ దగ్గర కొట్టిన ఛాసిస్ నెంబరు కూడా ఇలాంటి అడ్డంకులే. వాటి మీదున్న బురద తుడవొద్దు.

పాత సీటు రెగ్జిన్ చిరిగి, లోపలి పీచు కనబడుతుంటే ఆ సీటు పనికిరానిదే. కింద రేకు గట్టిగా ఉందా, స్ప్రింగులు బాగున్నాయా అని తట్టి చూసేవాళ్ళుంటారు, వాళ్ళకి పనిలేదు. రేకు బాగుంటే పైన కుషనూ కవరూ కొత్తవి వేయించుకుంటే సరిపోతుందని ఏ ముసలి మెకానిక్కో అంటాడు. ఆయనకి బేరం తెలీదు.

ఇప్పుడు కొత్త సీటు. బండిని షాపుకి తీసుకెళ్ళకండి, పాత సీటు అసలే తీసుకెళ్ళకండి. రెండు చేతులూ ఎడంగా పెట్టి "ఇంత ఉంటదండి" అంటే చాలు. ఏ బండి అని అడిగితే "పాత బండి" అనండి. బుల్లెట్ ఇంగ్లండు రెడిచ్ నుంచి వచ్చింది, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మైసూరులో తయారైన జావా చెకొస్లొవేకియా బండి, 1973 నుంచి దానికే యెజ్డీ అని పేరు. ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్‌కి పోలెండు బండి మూలం. మూడు దేశాల డిజైన్లు, మూడు రకాల ఫ్రేములు, మూడు రకాల బోల్టు కన్నాలు. అయితేనేం? కూర్చునే భాగం అన్ని దేశాల మనుషులకీ ఒక్కటే కదా! యెజ్డీ సీటు బుల్లెట్ మీద పట్టదని ఎవరన్నా అంటే వాళ్ళ దగ్గర గ్యాసు వెల్డింగు లేదన్నమాట.

కొత్త సీటు ఫ్రేము మీద కూర్చోకపోతే లోపం ఫ్రేముదే. లగ్గులు కోయించెయ్యండి. చెప్పు బిగుతైతే కాలి వేలు కోసుకుంటామా అని వెక్కిరిస్తారు, పట్టించుకోకండి. కోసే పెద్దాయన "అబ్బాయిగారూ, లగ్గు ఉండనివ్వండి, మళ్ళీ పెట్టలేం" అంటాడు. "నీకెందుకు బాబాయ్, నువ్వు కొయ్యి" అనండి. దీనిలో డబ్బు ఆదా కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్సూ ఇంజనూ మార్పుల్లేకుండా మొదట్లో ఉన్నట్టే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, నెంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. దానికి ఫీజు 20,000 రూపాయలు. ఫ్రేము కోసేశారంటే ఆ సొమ్ము మీ జేబులోనే ఉంటుంది.

బిగింపులో కంగారేం లేదు. సీటు ముందు కొక్కెం దాని చోటులో పడకపోతే వదిలెయ్యండి, వెనక బోల్టులే గట్టిగా తిప్పండి. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి ముగ్గురెక్కి కొల్లేటికోట బయల్దేరినప్పుడు ముక్కు పైకి లేస్తుంది. ముందున్నవాడికి అమ్మవారు గుర్తొస్తుంది, మంచిదే. ట్యాంకుకీ సీటుకీ మధ్య సందు ఉంచకండి, ట్యాంకు మీద రంగు పోయినా చూడ్డానికి నిండుగా ఉంటుంది. బోల్టు పొడుగైతే కొయ్యడం దేనికి? కింద వైర్లకి తగిలి కొంతకాలానికి హారన్ దానంతటదే మోగుతుంది. సీటు కింద బ్యాటరీ ఉండే బళ్ళల్లో అయితే ఇంకా వేడుక. బరువైన బావగారు వెనక్కూర్చోగానే రేకు దిగి టెర్మినల్‌ని ముట్టుకుంటుంది, పండక్కి ముందే భోగి మంట.

కుషను విషయంలో లంక గ్రామాల వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఫోము నాలుగంగుళాలు ఎక్కువ వేయించుకోండి. దాంతో కాళ్ళు నేలకి ఆనవు. చేపల చెరువు గట్టు మీద, వానకి నల్లమట్టి జారుతున్నప్పుడు, ఎదురుగా తవుడు బస్తాల బండి వస్తే ఆగాలి కదా. కాలు కింద పెట్టబోతారు, కింద నేల ఉండదు, గట్టు వాలు ఉంటుంది, దాని కింద చెరువు. బొచ్చెలూ శీలావతులూ దాణా పడిందనుకుని వస్తాయి.

సీటు రేకుకి అడుగున కన్నాలుంటాయి, నీళ్ళు దిగిపోడానికి. మూయించెయ్యండి. చేపల పెట్టె వెనక కట్టుకెళితే కారే ఐసు నీళ్ళు, వానాకాలం జల్లు, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి కొల్లేటి నీళ్ళు ఎక్కినప్పుడు చిమ్మినవి, అన్నీ ఫోములో భద్రంగా నిలవుంటాయి. ఎండలో ఎంతసేపు పెట్టినా పైన ఆరుతుంది, కూర్చుంటే తడుస్తుంది. రెండు వానాకాలాల్లో రేకు తుప్పు పట్టి రాలిపోతుంది కాబట్టి మళ్ళీ కొత్త సీటు కొనే అవకాశం వస్తుంది.

అంతా అయ్యాక నడిపి చూడ్డానికి తాడేపల్లిగూడెం వెళ్ళండి. రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాల కోసం వేసిన రన్‌వే ఉందక్కడ. తిన్నగా ఉంటుంది, మలుపుల్లేవు, గట్లు లేవు. ఒక్కరే ఎక్కి నెమ్మదిగా నడపండి. ఇద్దరెక్కి గతుకుల్లో నడిపితే ఏది తగులుతుందో, ఏది వదులైందో తెలిసిపోయి మనసు పాడవుతుంది.

చివరగా, పాత సీటు రేకూ స్ప్రింగులూ ఇంట్లో ఉంచుకోకండి, పాత ఇనుప సామాన్లవాడు వీధిలోకి రాగానే తూకానికి వేసెయ్యండి. ఎప్పుడైనా ఆ రేకు కన్నాలూ ఫ్రేము కన్నాలూ ఎదురెదురుగా పెట్టి చూశారంటే ఇక నా సలహా ఒక్కటీ వినరు.