పనీపాటా లేని పిన్ను

మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఒంటరిగా, లావుగా కనిపించేదాన్ని నేనే. ఎర్తు పిన్ను అంటారు. ఒళ్లంతా ఇత్తడి. ఈ ఇంట్లో ఇస్త్రీ పెట్టెకి కాపలా. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే నా కింద కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. 1000 వాట్ల పెట్టె వేడెక్కుతుంటే వాళ్లిద్దరిలోనూ 4 ఆంపియర్లకు పైనే పారుతుంది. నాలో ఏమీ పారదు. పారిందంటే ఎక్కడో ఏదో చెడిందనే.

నేనెందుకు లావో పిల్లలు పరీక్షల్లో రాస్తుంటారు: నిరోధం తగ్గడానికట! అంగుళం కూడా లేని ఇత్తడి ముక్కకు ఉండే నిరోధమెంత, తగ్గేదెంత? అసలు సంగతి ఇది. ఫేజు పిన్ను మందం 5 మిల్లీమీటర్లు, నాది 7. ప్లగ్గుని ఎవరు ఎటు తిప్పి తోసినా నేను ఫేజు కన్నంలో దూరను. దూరితే ఇస్త్రీ పెట్టె ఒంటి మీద 230 వోల్టులుంటాయి. పొడుగులోనూ నేనే మిన్న. వాళ్లు 15 మిల్లీమీటర్లుంటే నేను 20 దాటతాను. పెట్టేటప్పుడు ముందు తగిలేది, తీసేటప్పుడు ఆఖరున వదిలేది నేనే. కొన్ని సాకెట్లలో కింది కన్నాలకు చిన్న తలుపులుంటాయి, నేను లోపలికి వెళ్లి నొక్కితేనే తెరుచుకుంటాయి. ఈ కిటుకు ఇంట్లో అబ్బాయి కనిపెట్టేశాడు. రెండు పిన్నుల చార్జరు పెట్టడానికి నా కన్నంలో బాల్‌పెన్ను దూరుస్తాడు. నా బతుక్కి బాల్‌పెన్ను సాటి వచ్చింది!

మా వంశం బ్రిటన్‌ది. 1934లో అక్కడ బీఎస్ 546 పేరుతో మా కొలతలు ఖాయం చేశారు. 1947లో వాళ్లు పలకల పిన్నులు, లోపల ఫ్యూజు ఉన్న కొత్త ప్లగ్గు తెచ్చుకున్నారు. మేము గుండ్రటి పిన్నులతోనే ఇక్కడ ఐఎస్ 1293 కింద కొనసాగుతున్నాం. బాత్రూంలో గీజరు ప్లగ్గుది ఇంకా పెద్ద ఒళ్లు. దాని ఫేజు పిన్నే నా అంత లావు.

ఇంత హోదా ఉన్నా చాలాకాలం నా సాకెట్ వెనక పచ్చ తీగే లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, బల్బు హోల్డరు తీగ ఒకటి ఫేజులో, ఇంకొకటి నా కన్నంలో పెట్టాడు. వెలగలేదు.

"అమ్మా, దీనికి ఎర్తే లేదండీ."

"ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది కదా బాబూ?"

"పెట్టె పనిచేస్తుందండీ. షాకు కొట్టేటప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది."

పెరట్లో గొయ్యి తవ్వి, ఇనప పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పోశాడు. ఎండాకాలంలో బిందెడు నీళ్లు పొయ్యమన్నాడు, మట్టి ఎండితే కరెంటుకు దారి ఇవ్వదు కనక. అంతటితో ఊరుకోలేదు. ఫేజు తీగ పెట్టె ఒంటికి తగిలినా, నేల నిరోధం 20 ఓములుంటే నాలో పారేది 11 ఆంపియర్ల పైచిలుకే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, కదలదు. అందుకని మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ కూడా బిగించాడు. ఫేజులో వెళ్లినదానికీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, రెప్పపాటులో కట్టేస్తుంది.

ఆ తర్వాత వానాకాలంలో నాకు పని పడింది. ఇస్త్రీ పెట్టె మెడ దగ్గర తీగ మెలికలు తిరిగీ తిరిగీ తొడుగు చిరిగింది, ఫేజు తీగ పోగు ఒకటి లోహానికి తగిలింది. స్విచ్ వేయగానే నాలోంచి కరెంటు నేలకు పరుగెత్తింది, ఇల్లు చీకటైంది. కరెంటు పోయిందేమోనని అమ్మ కిటికీలోంచి చూసింది. పక్కింట్లో ఫ్యాను తిరుగుతోంది. వెళ్లి ఆర్‌సీసీబీని పైకి నెట్టింది. టక్కున పడిపోయింది. అప్పుడు నన్ను పీకేసి మళ్లీ నెడితే నిలిచింది.

ఎలక్ట్రీషియన్ కొత్త తీగ వేశాడు. ప్లగ్గులో బిగించేటప్పుడు పచ్చ-పసుపు తీగని మిగతా రెంటికన్నా కాస్త పొడుగ్గా వదిలాడు. "కొంచెం కత్తిరించి సర్దొచ్చుగా?" అంది అమ్మ.

"వద్దండీ. ఎవరైనా తీగ పట్టుకుని లాగితే ముందు ఫేజు ఊడాలి. ఎర్తు ఆఖరున."