లక్షన్నర కూత

మా బావ నానక్‌రామ్‌గూడలో ఇరవై మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్ళలేకపోయాను, మొన్న ఆదివారం వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే లోపల ఎవరి పీకో నొక్కినట్టు ఒక కేక వినబడింది. "ఏమైందే చెల్లాయ్?" అన్నాను కంగారుగా. చెల్లాయి చెవిలో దూది సర్దుకుంటూ, "ఏం కాలేదన్నయ్యా, పాట మొదలైంది" అంది.

పాడుతున్నది మకావ్. వీపంతా నీలం, పొట్టంతా పసుపు, పుట్టిల్లు దక్షిణ అమెరికా. పక్షి లక్షన్నర, పంజరం నలభై వేలు, తిండికి బాదంపప్పు. ఉండబట్టలేక, "ఇది చిలకల జాతి కదా బావా, పాడేది కాదేమో, అరిచేదేమో" అన్నాను. "ఫారిన్ పాట అలాగే ఉంటుందిరా, చెవికి అలవాటవ్వాలి" అన్నాడు. ఇంకొకడి ఇంట్లో ఒపేరా గురించి కూడా ఇదే మాట విన్నాను కాబట్టి కాఫీ అందుకున్నాను.

ఈ జాతి పక్షులు యాభై అరవయ్యేళ్ళు బతుకుతాయి. మా బావకి ఇప్పుడు యాభై నాలుగు, షుగరు కూడా ఉంది. వీలునామాలో శంకర్‌పల్లి ప్లాటు కోసం కొట్టుకునే కొడుకులిద్దరిలో చిన్నవాడు, మకావ్ దగ్గరికి వచ్చేసరికి "అన్నయ్య పెద్దవాడు, అన్నయ్యే తీసుకోవాలి" అనడం నాకు ఇప్పుడే కనబడుతోంది.

నేను అక్కడ గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో బావ పక్షి వైపు చెవి పెట్టింది లేదు. లిఫ్టులో ఎవరెవరు అడిగారో చెప్పాడు. పదహారో అంతస్తు డాక్టరుగారు ఫొటో దిగారట. పైనున్న సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర కాకటూ ఉందట గానీ అది "కామన్" అట. పక్షి కూత కాదు, ఎదుటివాడి మాటలో కాస్త అసూయ వినబడాలి, అప్పుడే బావకి నిద్ర పడుతుంది. మన కోకిలకి ఈ హోదా ఎప్పటికీ రాదు. అది వేపచెట్టెక్కి ఓనరుకీ వాచ్‌మన్‌కీ ఒకే పాట పాడేస్తుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు, పెరటి పిట్ట పరువుకు పనికొస్తుందా?

చట్టం కూడా హోదా తెలిసినదే. పల్లెటూరి ముసలమ్మ రామచిలుకని పంజరంలో పెడితే వన్యప్రాణి చట్టం కింద నేరం. పెట్టకూడదు, నిజమే. ఆంధ్రప్రదేశ్‌కి అది రాష్ట్రపక్షి కూడాను. అదే అమెజాన్ అడవి చిలక అయితే కథ వేరు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సలహా పత్రం విడుదల చేసింది. ఇంట్లో విదేశీ జీవాలున్నవాళ్ళు ఆరు నెలల్లో తమంతట తాము చెప్పేస్తే కాగితాలు అడగబోమంది. నల్లడబ్బుకి స్వచ్ఛంద వెల్లడి పథకం పెట్టినట్టు నల్లపక్షికీ పెట్టారన్నమాట. తర్వాత 2022లో చట్టం సవరించి, 2024లో నిబంధనలు రాశారు. ఇప్పుడు అలాంటి పక్షుల్ని నమోదు చేయాలి, పుట్టినా చచ్చినా చేతులు మారినా తెలపాలి. బావ ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి పంజరం పక్కనే తగిలించాడు. ఆయన డిగ్రీ పట్టా మాత్రం అటక మీదుంది.

బావ ఒక్కడినే అనడం అన్యాయం, ఈ జబ్బుకి దేశాల ఎల్లలు లేవు. గయానాలో టోవా టోవా అని గుప్పెడంత పిట్ట ఉంది. మగవాళ్ళు దాని పంజరం చేత్తో పట్టుకుని వీధిలో నడుస్తారు, మన దగ్గర కొత్త బుల్లెట్ మీద ఊళ్ళో ఒక రౌండు కొట్టినట్టు. రెండు పంజరాలు పక్కపక్కన పెట్టి పందెం కాస్తారు, ముందుగా యాభై కూతలు కూసిన పిట్టది గెలుపు. ఆ దేశంలో పదిమందిలో నలుగురు మన వలస కూలీల మనవలే. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళ సంతానమూ వాళ్ళలో ఉంది. కోడిపందెం రక్తంలో ఉన్నవాళ్ళకి ఇది కత్తి లేని సంక్రాంతి.

అక్కడివాళ్ళు న్యూయార్క్‌కి వలసపోయారు, పందెం కూడా వెంట వెళ్ళింది. అమెరికాలో పొదిగిన పిట్ట గయానా పిట్టంత బాగా కూయదని వాళ్ళ నమ్మకం. ఇక్కడి గోంగూర పులుపు అక్కడ రాదని మనవాళ్ళు సూట్‌కేసు అడుగున పచ్చడి సీసా దాచినట్టే, వాళ్ళు పిట్టల్ని దాచారు. ఎందులో అంటారా? ఆడవాళ్ళు జుట్టు రింగులు తిప్పుకునే ప్లాస్టిక్ గొట్టాల్లో, గొట్టానికొక పిట్ట. 2021లో కెన్నడీ విమానాశ్రయంలో దొరికిన ఒకాయన కోటు లోపలా కాళ్ళ చుట్టూ 35 పిట్టలు బయటపడ్డాయి. పందెం గెలిచిన పిట్ట పదివేల డాలర్లు దాటి పలుకుతుందని అక్కడి అధికారులే కోర్టుకి చెప్పారు. అంతసేపు ఆకాశంలో ఎగిరినా ఒక్కసారి రెక్క విప్పని పక్షులు ఇవేనేమో.

జావావాళ్ళయితే ఈ విషయంలో మనకి తాతలు. పరువుగల మగవాడికి ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కటారి, పక్షి ఉండాలని అక్కడ పాత లెక్క. గుర్రం మోటార్‌సైకిలయింది, కటారి గోడెక్కింది, పక్షి మాత్రం కదల్లేదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం జావా దీవిలో పంజరాల్లో ఉన్న పక్షులు 6.6 కోట్ల నుంచి 8.4 కోట్ల దాకా ఉంటాయని అంచనా కట్టింది. ఊరూరా పాటల పోటీలు జరుగుతాయి. పంజరాలన్నీ వరసగా వేలాడదీస్తారు, జడ్జీలు కింద తిరుగుతూ వింటారు. చుట్టూ యజమానులు చేతులూపుతూ గొంతు చించుకుంటారు, నా పిట్టని చూడండి, నా పిట్టని వినండి అని! జడ్జీకి పిట్ట పాట వినబడాలంటే యజమాని నోరు మూసుకోవాలి. నోరు మూసుకుంటే ఆ పిట్ట తనదని నలుగురికీ తెలిసేదెలా? ఈ చిక్కుముడి చదివినప్పుడు మా బావ మీద నాకు మొదటిసారి జాలేసింది.

ఆ పోటీల్లో రాణిగా వెలిగిన చుకక్ రావా అనే పిగిలిపిట్ట జావా అడవుల్లో ఇప్పుడు లేదు. పాట బాగుందని పట్టుకున్నారు, పాడేది మిగలనంత బాగా పట్టుకున్నారు. 2018లో ఇండోనేషియా ప్రభుత్వం దాన్నీ మరికొన్ని పాటగత్తెల్నీ రక్షిత జాబితాలో చేర్చింది. పక్షిప్రేమికులు భగ్గుమన్నారు. అదే ఏడాది చుకక్ రావాతో సహా కొన్నిటి పేర్లు జాబితా నుంచి ఎగిరిపోయాయి. పంజరంలోంచి కాదు, కాగితంలోంచి.

ఈ హోదా ఎంతకాలం నిలుస్తుందో కూడా చూద్దాం. స్పెయిన్‌వాళ్ళు 15వ శతాబ్దంలో కెనరీ దీవులు గెలిచాక అక్కడి పిట్ట యూరప్ దొరల మేడలెక్కింది. (ఆ దీవుల పేరు కుక్కల మీంచి వచ్చిందంటారు. కుక్క పేరు దీవికి, దీవి పేరు పిట్టకి.) తర్వాత పిల్లలు పెట్టీ పెట్టీ చవకై, చివరికి బ్రిటన్ బొగ్గుగనుల్లో విషవాయువు ఉందో లేదో ముందు తను చచ్చి చెప్పే ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం 1986లో గానీ రద్దు కాలేదు. ఆస్ట్రేలియా బడ్జరిగార్‌ని పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ 1840లో ప్రాణాలతో ఇంగ్లండ్ తెచ్చినప్పుడు దొరసానులు ముచ్చటపడ్డారు. ఇవాళ దాన్నే మనం లవ్‌బర్డ్స్ అని తప్పుడు పేరు పెట్టి, రోడ్డు పక్కన కొన్ని వందలకి జత కొని, పిల్లాడి పరీక్షలయ్యేదాకా ఉంచి, పక్కింటివాళ్ళకి అంటగడుతున్నాం.

ఈ చరిత్రంతా నేను చెబుతుంటే బావ తాపీగా విని, "అందుకే ఎవరికీ అందనిది కొనాలి. వేరే గ్రహం నుంచి పాడే పిట్ట వస్తే మొదటి బుకింగ్ నాదే" అన్నాడు. నవ్వులాటకి అనలేదు, అడ్వాన్సు ఎంత ఉంటుందో కూడా ఆలోచిస్తున్నాడు.

రానివ్వండి. దానికి మూడు రెక్కలుంటాయి, ముక్కు ఉండదు. మన చెవికి అందని స్థాయిలో పాడుతుంది, అంటే అసలేమీ వినబడదు. అది ఇంకా మంచిది, పాట బాగోలేదని ఎవరూ అనలేరు. మొదటి ఏడు నగరం మొత్తానికి నాలుగే ఉంటాయి, పెళ్ళి రిసెప్షన్‌లో వరుడి పక్కన కూర్చోబెడతారు. రెండో ఏడు దాని మౌనంలో సంప్రదాయ బాణీ ఏది, కల్తీ బాణీ ఏది అని పండితులు తేలుస్తారు. ఈ గాలిలో పొదిగిన పిట్ట ఆ గ్రహం పిట్టంత బాగా మౌనంగా ఉండదని ఎవరో కనిపెడతారు, రాకెట్లలో జుట్టు గొట్టాలు దొరుకుతాయి. కేంద్రం ఆరు నెలలు గడువిస్తుంది. పదో ఏడు శివార్లలో కోళ్ళ షెడ్డు అద్దెకి తీసుకుని ఎవరో వాటిని పెంచుతారు, జత మూడొందలు, దాణా ఉచితం. ఆ రోజు మా బావ తన పిట్టని వాచ్‌మన్‌కి ఇచ్చేస్తాడు, "పిల్లలు ఆడుకుంటారు, తీసుకోవయ్యా" అని. ఆ గ్రహం మీద అప్పటికి ఒక్కటీ మిగిలి ఉండదు.

నేను లేవబోతుంటే బెల్లు మోగింది. పావురాల నెట్ కట్టే కుర్రాడు. బాల్కనీలో పావురాలు రెట్టలేస్తున్నాయనీ, పిగిలిపిట్టలు ఏసీ వెనక గూడు పెడుతున్నాయనీ, పొద్దున్నే వాటి గోలకి నిద్ర ఉండటం లేదనీ బావ పిలిపించాడట. చదరపు అడుగు లెక్కన బేరం అయ్యింది. కుర్రాడు టేపు పట్టుకుని బాల్కనీ కొలిచాడు, మేకులు లెక్కపెట్టుకున్నాడు, వల చుట్ట విప్పాడు. అప్పుడు లోపలి నుంచి మకావ్ పాట అందుకుంది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. పంజరాన్ని చూశాడు, చేతిలో వలని చూశాడు.

"సార్, ఈ నెట్టు పక్షులు లోపలికి రాకుండానా, బయటికి పోకుండానా?"